వేమన ఎగతాళి చేసిన యోగం

ఐక్యరాజ్యసమితి 2014 డిసెంబరులో చేసిన ప్రకటన మేరకు మరుసటి ఏటి నుంచి జూన్ 21న అంతర్జాతీయ యోగా దినోత్సవం జరుగుతున్నది. ఆ తేదీ దగ్గరపడగానే, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడటమే గగనమైన అనంతపురం పీఠభూమి మీద కూడా, ప్రాణాయామంతో అలసట పోతుందనీ సూర్యనమస్కారాలతో రోజంతా హుషారు నిలుస్తుందనీ ఉపన్యాసాలు మొదలవుతాయి. ఈ నేలకు ఆ సాధనతో ఉన్న చుట్టరికం చాలా పాతది. అందులో కొంత తగవు కూడా కలిసి ఉన్నది.

యోగసూత్రకారుడైన పతంజలి ఆసనాన్ని స్థిరంగా, సుఖంగా కూర్చునే తీరుగా మాత్రమే చెప్పి శ్వాసను అదుపు చేయడాన్ని ప్రాణాయామమన్నాడు. తరువాతి శతాబ్దాలను ఒక్క అంగలో దాటి పదిహేనో శతాబ్దానికి వస్తే, స్వాత్మారాముని హఠయోగప్రదీపికలో పదిహేను ఆసనాలూ, కుంభకాలు అనబడే ఎనిమిది శ్వాసబంధన పద్ధతులూ కనిపిస్తాయి. అదే శతాబ్దంలో గౌరన నవనాథచరిత్రను ద్విపదలో రచించి హఠయోగ సాధకులైన నాథయోగుల కథలను తెలుగువారికి అందించాడు. ఆ తరువాత హంపీ ఆలయ స్తంభాల మీద శిల్పులు ఒళ్లు మెలితిప్పిన యోగులను చెక్కారు. 1882లో అనంతపురం జిల్లాగా ఏర్పడిన ప్రాంతం అంతకుముందు బళ్లారి జిల్లాలోనే ఉండేది గనుక, ఆ స్తంభాలను పొరుగువారి సొత్తుగా భావించనక్కరలేదు.

అసలు కథ కదిరి దగ్గర, గండ్లపెంట మండలంలోని కటారుపల్లిలో ఉన్నది. వేమన సమాధి అక్కడే ఉన్నది. ఆయన కాలం గురించి పండితుల వాదాలు తెగకపోయినా పదిహేడో శతాబ్దమని చాలామంది అభిప్రాయం. జనశ్రుతి ప్రకారం, అభిరాముడనే కంసాలి లంబికాశివయోగి అనే గురువును రోజూ సేవించేవాడు. గురువు ఉపదేశం ఇస్తానన్న రోజున వేమన అతణ్ణి నగల పనిలో ఇరికించి, తానే ఆ చోటికి పోయి మంత్రాన్ని అందుకుని, ఆ తరువాత పశ్చాత్తాపంతో అభిరాముని కాళ్ల మీద పడ్డాడు. ఈ కథలోని గురువు పేరు కూడా శ్వాసతో ముడిపడినదే. లంబికాయోగమంటే నాలుకను వెనక్కి మడిచి అంగిటికి ఆనించి ప్రాణవాయువును నిలిపే అభ్యాసం. దొంగిలించిన ఉపదేశంతో యోగిగా మారిన మనిషి ఇంతగా లోకప్రియుడు కావడం తెలుగువారి ఉదారతకు నిదర్శనం కావచ్చు.

ఆ యోగే యోగం మీద వేసిన చురక మరింత రుచికరమైనది. ఇడ, పింగళ, సుషుమ్న అనే నాడుల మాట, అనగా శ్వాస నడిచే దారుల మాట, ఎంతో గౌరవంతో పలికిన వేమన, అవయవాలను బిగించి ఒళ్లు విరుచుకునే ఆసనాల యోగాన్ని మాత్రం జెట్టీల సాము కన్నా ఓ పిసరు తక్కువగానే లెక్కగట్టాడు. ఊపిరి యోగిది, కసరత్తు మల్లునిది అన్నది ఆయన చేసిన పంపకం.

చరిత్ర ఆ పంపకాన్ని మన్నించలేదు. 1928లో అనంతపురంలో వేమనపై ప్రసిద్ధ ఉపన్యాసాలిచ్చిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఈ జిల్లావారే. ఆయన తెలుగు బోధిస్తున్న మైసూరులోనే 1933లో, నాల్వడి కృష్ణరాజ ఒడయరు ఆదరణతో, జగన్మోహన ప్యాలెస్‌లో తిరుమలై కృష్ణమాచార్యుల యోగశాల వెలిసింది. ఆచార్యుల పుట్టిల్లు అనంతపురానికి పొరుగున ఉన్న చిత్రదుర్గ ప్రాంతం. చేతులు పైకెత్తినప్పుడు ఊపిరి పీల్చి, నడుము వంచినప్పుడు వదిలే విన్యాస క్రమం, అంటే కదలికకూ శ్వాసకూ లంకె వేసే పద్ధతి, ఆయన శిష్యులైన పట్టాభి జోయిస్ వంటివారి ద్వారా లోకమంతటా వ్యాపించింది. దానిలో గరిడీల దండీల ప్రభావం కూడా ఉన్నదని పరిశోధకులు కొందరు వాదించారు. అది నిజమైతే వేమన ఎగతాళి కాస్తా జోస్యమైనట్టే. ప్రాణాయామ బలంతో ఛాతీ ఉబ్బించి ఇనుప గొలుసులు తెంచిన కోడి రామమూర్తి నాయుడు ఈ కలయికకు తెలుగునాట అంతకుముందే సాక్ష్యంగా నిలిచాడు.

ఇక్కడి నుంచి కథ చెదురుతుంది. యోగశాల 1950లో మూతపడింది. ఆసనాలు బడుల డ్రిల్లు పీరియడులోకీ, టీవీ తెర మీదికీ, సెల్‌ఫోనులోకీ చేరాయి. 2025లో విశాఖ తీరాన మూడు లక్షల మందికి పైగా ఒకేసారి యోగా చేసి గిన్నిస్ రికార్డు సాధించారు. ఒంటరి సాధనగా పుట్టిన విద్య తలల లెక్కతో వార్తకెక్కడం వేమన చూసి ఉంటే మరో పద్యానికి సరుకు దొరికేది.

హుషారు సంగతికి వస్తే, ఆరోగ్యవంతుని రక్తంలో ఆక్సిజన్ ముందే నిండుగా ఉంటుంది కాబట్టి, ప్రాణాయామంతో అది అదనంగా చేరి బలమిస్తుందన్న ప్రచారంలో పస లేదు. నిమిషానికి పన్నెండు నుంచి ఇరవై దాకా ఉండే శ్వాసలు ఆరుకు తగ్గినప్పుడు, గుండె లయ రక్తపోటు హెచ్చుతగ్గులతో జత కూడి, ఒంటిని నిమ్మళపరిచే వేగస్ నాడి చురుకవుతుంది. క్రైస్తవుల జపమాల ప్రార్థన, యోగ మంత్రోచ్చారణ రెండూ శ్వాసను సరిగ్గా ఆ వేగానికే దించుతాయని 2001లో ఇటలీ పరిశోధకులు చూపారు. రోజూ పొద్దున పావుగంట నెమ్మది శ్వాస, దానికి జోడుగా నాలుగైదు సూర్యనమస్కారాలు చాలు. రక్తపోటు, గుండెజబ్బు, హెర్నియా ఉన్నవారూ, గర్భిణులూ భస్త్రిక, కపాలభాతి వంటి వేగపు శ్వాసలకు దూరంగా ఉండాలి.

అయితే 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో సగానికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉన్నది. వేరుశనగ చేలో మధ్యాహ్నానికే సొమ్మసిల్లే కూలికి కావలసినది కుంభకం కాదు, కడుపుకు కూడు, ఒంట్లో ఇనుము. వారాల తరబడి నీరసం వదలని వారు చాప పరిచే ముందు ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకోవడం మేలు.