మెతుకుసీమ గుడి, 1947

మెదక్ చర్చి అనగానే అందరికీ ముందు గుర్తొచ్చేది కరువు కథ. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో ఆకలితో అలమటిస్తున్న జనానికి వెస్లియన్ మిషనరీ చార్లెస్ వాకర్ పాస్నెట్ గుడి నిర్మాణంలో పని కల్పించి అన్నం పెట్టారు. 1924 డిసెంబరు 25న ఆ గుడి ప్రతిష్ఠ జరిగింది.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది తరువాతి అధ్యాయం. దేశంలో తెల్లవారి పాలన ముగిసింది. మిషనరీల మీద, విదేశీ ధనం మీద ఎల్లకాలం ఆధారపడే వీలు లేదు. శాఖాభేదాలా, పడమటి దేశాల చరిత్ర మిగిల్చినవే. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో మెథడిస్టులు, ఆంగ్లికన్లు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా ఏర్పడ్డారు. మెదక్ అందులో ఒక అధ్యక్ష మండలమయింది. బిషప్పులు లేని సంప్రదాయంలో పెరిగినవారు బిషప్పును అంగీకరించారు. వారి గుడి కథీడ్రల్ అయింది.

అప్పటికి మెదక్ ఇంకా నిజాం రాజ్యంలోనే ఉంది. హైదరాబాదు సంస్థానం 1948 సెప్టెంబరులో భారతదేశంలో కలవడానికి ఏడాది ముందే, ఇక్కడి సంఘం సంస్థానపు ఎల్లలు దాటి ఇతరులతో కలిసింది. తరతరాల సొంత పేరును వదులుకోవడం చిన్న విషయం కాదు.

2024లో ఆ గుడికి నూరేళ్ళు నిండాయి. 175 అడుగుల గోపురం చూసి వచ్చేవారికి ఆ నిర్ణయం కనబడదు. అందుకే ఇక్కడ రాసిపెట్టుకుంటున్నాను.