అపశకున సంఖ్య: 1729 కథ

తెలుగువారికి ‘ఏడు’ అనగానే ‘ఏడుపు’ స్ఫురిస్తుంది. అందుకే ఏడ్పును ‘ఆరునొక్క రాగం’ అంటారు. కాని అదే ఏడు సప్తపదిలోను, సప్తస్వరాలలోను మంగళకరమే. పాశ్చాత్యులకు పదమూడంటే శంక.

1914లో ఇంగ్లండు వెళ్ళిన శ్రీనివాస రామానుజన్ అక్కడ జబ్బుపడి, పట్నీలో చికిత్స పొందుతూ ఉండగా, ఆచార్య హార్డీ ఒక టాక్సీలో ఆయనను చూడవచ్చాడు. దాని సంఖ్య 1729. అనగా 7 × 13 × 19. విశేషమేమీ లేని సంఖ్య, అపశకునం కాకుంటే చాలునని హార్డీ అన్నాడు. కాదు, రెండు ఘనాల మొత్తంగా రెండు విధాల వ్రాయదగిన సంఖ్యలలో ఇదే కనిష్ఠమని రామానుజన్ బదులిచ్చాడు. 12 ఘనం 1728, 1 ఘనం 1. 10 ఘనం 1000, 9 ఘనం 729. ఎట్లు కూడినా 1729 వస్తుంది.

రామానుజన్ 1920లో, 32వ ఏట మరణించాడు. అందుకు కారణం వ్యాధి. టాక్సీ సంఖ్య కాదు. 1921లో హార్డీ ఈ సంభాషణను గ్రంథస్థం చేశాడు. ప్రతి ధన పూర్ణసంఖ్యా రామానుజన్‌కు ఆప్తమిత్రమని లిటిల్‌వుడ్ అన్నాడు.

హాజరుపట్టీలో 13వ సంఖ్య తనకు వచ్చెనని చిన్నబోయే హనుమంతునిపాడు విద్యార్థి, మార్కాపురం పలకమీద 1729ని 13తో భాగించి చూడవచ్చును. శేషం మిగలదు, శంకయు మిగలదు.