ఉత్తరం చేరే దారి

'లోకం చాలా చిన్నదండీ' అని మనం తరచు అనుకుంటూ ఉంటాం. రైల్లో ఎదురుగా కూర్చున్న కొత్త మనిషి మాటల మధ్యలో మన మేనమామ ఊరివాడని తేలుతుంది. మరి ముఖపరిచయం లేని మనిషిని తెలిసినవాళ్ళ ద్వారా వెతికి పట్టుకోగలమా? దూరం అందుకు ఎంత అడ్డు? ఈ ప్రశ్నకు ఒక చరిత్ర ఉంది. దాన్ని క్లుప్తంగా పాఠకుల ముందుంచుతున్నాము.

1960లలో అమెరికాలో స్టాన్లీ మిల్‌గ్రామ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక పరీక్ష పెట్టాడు. మసాచుసెట్స్ రాష్ట్రంలో షారన్ అనే ఊళ్ళో కాపురముంటూ బోస్టన్‌లో పనిచేసే ఒక షేర్ బ్రోకరుకు ఒక పత్రం చేరాలి. అతనెవరో తెలియనివారు నేరుగా పంపరాదు. పేరుపెట్టి పిలిచేంత చనువున్న ఎవరికైనా పంపాలి. వారు మరొకరికి పంపాలి. 296 మందితో ఇది మొదలైంది. వారిలో 196 మంది దేశం నడుమనున్న నెబ్రాస్కా వారు, 100 మంది బోస్టన్ ప్రాంతం వారు. జెఫ్రీ ట్రావర్స్‌తో కలిసి 1969లో ఆయన ఫలితాలు ప్రకటించాడు. 64 పత్రాలు చేరాయి. మధ్యవర్తులు సగటున 5.2 మంది.

ఇందులో ఒక విశేషముంది. బోస్టన్ నుంచి బయలుదేరిన వాటికి సగటున 4.4 మంది పట్టారు. నెబ్రాస్కాలో ఏ ఎంపికా లేకుండా తీసుకున్న సామాన్యుల నుంచి వచ్చిన వాటికి 5.7 మంది. అంటే అంత దూరానికి అదనంగా పట్టింది ఒకరిద్దరే! అయితే ఊరు పట్టుకుని వెళ్ళిన పత్రాలు షారన్ దాకా సులువుగానే వచ్చి, అక్కడ చేతులు మారుతూ తిరిగాయి. వాటికి సగటు 6.1. వృత్తి పరిచయాల మీద వెళ్ళినవి 4.6తోనే చేరాయి. ఊరిదాకా తీసుకుపోయేది భూగోళమైనా, గడపదాకా తీసుకుపోయేది పనీ పరిచయమూ అన్నమాట.

2000లో జాన్ క్లైన్‌బర్గ్ ఇంకో సంగతి గణితంతో నిరూపించాడు. దగ్గరివారు, కొంచెం దూరంవారు, బాగా దూరంవారు తగు పాళ్ళలో ఉంటేనే దారి దొరుకుతుంది. దూరపు స్నేహాలు ఎక్కడపడితే అక్కడ ఉంటే దారి ఉన్నా కనిపించదు. 2005లో లిబెన్-నోవెల్, ఆయన సహచరులు అమెరికాలో సుమారు 5 లక్షల మంది ఇంటర్నెట్ డైరీ రచయితల స్నేహాలను పరిశీలించారు. మైళ్ళకంటే, ఇద్దరి నడుమ ఎంత జనం ఉన్నారన్నదే ముఖ్యమని తేల్చారు. పల్లెలో ఐదు మైళ్ళవతలివాడు కూడా ఇరుగుపొరుగే; పట్నంలో అదే దూరానికి లక్షలమంది అడ్డం. స్నేహాల్లో మూడింట రెండు వంతులకు చోటే కారణమని కూడా వారి అంచనా.

చివరగా ఒక్క మాట. ఆ 296 మందిలో పత్రాన్ని ముందుకు పంపినవారు 217 మందే. మిగతా 79 పత్రాలు మొదటి ఇంట్లోనే ఆగిపోయాయి. పట్నం ఆస్పత్రిలో తెలిసినవారు కావాలనో, ఉద్యోగానికి దారి చెప్పమనో మన గడపకు వచ్చేవారు ఎందరో ఉంటారు. మనకు ఆ మనిషి తెలియకపోవచ్చు. తెలిసినవాణ్ణి తెలిసినవాడెవరో మనకు తెలిసే ఉంటాడు. ఆ ఒక్క చీటీ రాసి పంపడం మనందరి చేతిలో పనే.