24 పాటలు, 2,22,000 డాలర్లు

మొన్న మా టీములో కొత్తగా చేరిన కుర్రాడితో కజా గురించి మాట్లాడితే "అదేంటండీ?" అన్నాడు. పోన్లెండి, వయసైపోతోందని ఒప్పుకోక తప్పదు. కానీ కజా వాడినందుకు అమెరికాలో మామూలు జనం పడ్డ పాట్లు మన ఫీల్డులో వాళ్ళకి తెలియాలనిపించింది.

2003 సెప్టెంబర్లో అమెరికా రికార్డు కంపెనీల సంఘం ఆర్ఐఏఏ ఒక్క రోజే 261 మంది మీద దావా వేసింది. అందులో న్యూయార్క్ లో ఒక పన్నెండేళ్ళ పిల్ల కూడా ఉంది. వాళ్ళమ్మ 2,000 డాలర్లు కట్టి బయటపడింది. 2005లో వెస్ట్ వర్జీనియాలో 83 ఏళ్ళ పెద్దావిడ మీద వేశారు. ఆవిడ అప్పటికే చనిపోయింది! ఆవిడకి కంప్యూటరంటేనే గిట్టదని కూతురు మొత్తుకుంది.

ఎందుకిలా? వాళ్ళకి దొరికేది ఐపీ అడ్రసు. అది ఆ టైములో ఎవరి అకౌంటుకి ఇచ్చారో ఐఎస్పీ చెప్పగలదు, అంతే. సిస్టమ్ ముందు కూర్చున్నది కొడుకా, రూమ్మేటా, పాస్‌వర్డ్ లేని వైఫై వాడుకున్న పక్కింటాయనా అన్నది ఏ లాగులోనూ ఉండదు. మొదట్లో జడ్జి దాకా పోకుండా, కోర్టు క్లర్కు ఇచ్చే సబ్‌పీనాలతోనే పేర్లు రాబట్టేవారు. వెరైజన్ ఎదురు తిరిగి 2003 డిసెంబర్లో అప్పీలు కోర్టులో గెలిచింది. దాంతో ముందు పేరు తెలియని "జాన్ డో" మీద కేసు వేసి, ఆ తర్వాత పేరు లాగడం మొదలెట్టారు.

నేనేమీ పాటలు ఊరికే దించుకోవడం ఒప్పని అనట్లేదు. మన జీతాలు కూడా కాపీరైటు మీద ఆధారపడ్డవే. నాకు మింగుడుపడనిది లెక్క. ఆ చట్టంలో ఒక్కో పాటకి మామూలుగా 750 డాలర్ల నుంచి మొదలు, కావాలని చేశారని తేలితే 1,50,000 దాకా. నిజంగా ఎంత నష్టమొచ్చిందో నిరూపించక్కర్లేదు. ఈ లెక్క చూపించి "మూడు నుంచి ఐదు వేలు కట్టి రాజీకి రా" అంటే, ఏ తప్పూ చెయ్యనివాడికి కూడా లాయరు ఫీజు కన్నా అదే చవక. (చిన్నప్పుడు లిస్టు రాసిచ్చి ఖాళీ కేసెట్లో పాటలు నింపించుకున్నవాణ్ణి, నా బాకీ ఎంతో తలుచుకుంటేనే భయమేస్తోంది.)

రాజీకి రానిది మిన్నెసోటాలో ఒక తల్లి. 24 పాటల కేసు. ఐట్యూన్స్ లో పాట 99 సెంట్లున్న రోజులవి. 2007లో జ్యూరీ 2,22,000 డాలర్లు కట్టమంది. జ్యూరీకి తనే తప్పుగా చెప్పానని జడ్జి ఆ తీర్పు కొట్టేస్తే, 2009లో రెండో జ్యూరీ 19,20,000 అంది! 2010లో మూడోది 15 లక్షలు. జడ్జి దాన్ని 54,000కి తగ్గించాడు. 2012లో అప్పీలు కోర్టు మళ్ళీ మొదటి 2,22,000కే తెచ్చింది. 2013లో సుప్రీం కోర్టు ఆవిడ అప్పీలు విననంది.

అన్నట్టు, ఇలా జనం మీద గుంపుగా కేసులెయ్యడం మానేస్తున్నామని ఆర్ఐఏఏ 2008 డిసెంబర్లోనే చెప్పింది. అప్పటికే నడుస్తున్న కేసుల్ని మాత్రం వదల్లేదు.