పనీరు అట్టు పుప్పాలగూడకు కొత్తదేనా?

పుప్పాలగూడ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా వెలసిన కాఫీ షాపుల్లో ఆదివారం పొద్దుటి పలహారం అంటే ఇప్పుడు పాన్‌కేక్ కూడా. అందులోనూ రికోటా అనే, పచ్చి పనీరు లాంటి మెత్తటి ముద్ద కలిపి, వేలెడు మందాన పొంగేలా కాల్చే రకానికి గిరాకీ ఉంది. దాని పుట్టుక గురించి చెప్పే మాట ఒక్కటే: ఐటీతో వచ్చింది, అమెరికా నుంచో ఆస్ట్రేలియా నుంచో దిగింది. పైపైన చూస్తే నిజమే. బిల్ గ్రేంజర్ 1993లో సిడ్నీలో తెరిచిన చిన్న కెఫేలో రికోటా హాట్‌కేక్‌లు పెట్టాకే ఆ వంటకానికి లోకమంతా పేరొచ్చింది. మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ను వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరు 22న. 2018లో మణికొండ మున్సిపాలిటీలో కలిసేదాకా పుప్పాలగూడ గ్రామ పంచాయతీయే. ఈ తేదీలన్నీ ఒకచోట పేరిస్తే పాన్‌కేక్ విమానం దిగి వచ్చిన అతిథిలాగే కనబడుతుంది. కానీ ఆ వంటకాన్ని విడదీసి చూస్తే మిగిలేవి రెండే: పొంగే అట్టు, విరిచిన పాలు. ఆ రెండూ ఈ నేలను ఏలిన వాళ్ల వంటింట్లో తొమ్మిది వందల ఏళ్ల కిందటే ఉన్నాయి. తర్వాత వాటిని దూరం పెట్టింది రుచి కాదు, శాస్త్రమూ కాదు, పాల లెక్క అని నా వాదన.

ముందు సాక్ష్యం చూద్దాం. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు 1130 ప్రాంతంలో సంస్కృతంలో కూర్చిన ‘మానసోల్లాసం’లో అన్నభోగం అనే భాగం ఉంది. పప్పు రుబ్బి పెనం మీద నూనెతో కాల్చే ధోసకమూ, మినప్పిండితో చేసే ఇడ్డరికా అందులోనే కనబడతాయి. కాచిన పాలలో పులుపు వేసి విరిచి, గుడ్డలో వడగట్టి, ఆ ముద్దలో బియ్యప్పిండి కలిపి మెదిపి, రకరకాల ఆకారాలు చేసి వేయించి, చక్కెర పట్టించే క్షీరప్రకారం కూడా అక్కడే ఉంది. అంటే పచ్చి పనీరులో పిండి కలిపి కాల్చుకు తినడమనే ఆలోచన సిడ్నీ కెఫేకు ఎనిమిది వందల అరవై ఏళ్ల ముందే దక్కనులో రాతకెక్కింది. కల్యాణి అంటే నేటి బీదర్ జిల్లా బసవకల్యాణ్. 1956 దాకా అది హైదరాబాద్ రాష్ట్రంలోని ఊరే. ఆ చాళుక్యుల శాసనాల్లో పొట్టళకెరెగా కనబడే రాజనివాసం, చరిత్రకారులు గుర్తించినట్టు, మన పటాన్‌చెరు. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే పుప్పాలగూడ నుంచి అరగంట ప్రయాణం.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. అది రాజుగారి పుస్తకం, కన్నడ రాజుగారి పుస్తకం. గోల్కొండ అవతల గుట్టల మధ్య పల్లెలో ఎవరు వండారు? అడగాల్సిన ప్రశ్నే. పుప్పాలగూడలో ఎవరో క్షీరప్రకారం వండారనీ, అది తరతరాలుగా దిగివచ్చి పాన్‌కేక్ అయిందనీ నేను అనడం లేదు. అలాంటి వంశవృక్షాలు అల్లడం మన ఆహార చరిత్రకారుల్లో కొందరికి సరదా. దాన్ని పక్కన పెడదాం. నేను చెప్పేది అంతకంటే చిన్న మాట. పాలు విరవడం చేతకాక మన వాళ్లు పనీరు చేయలేదనడం తప్పు. విద్య తెలుసు, దాన్ని వాడుకలో పెట్టలేదు. 1163లో రుద్రదేవుడు స్వతంత్రం ప్రకటించుకునే దాకా కాకతీయులు కల్యాణి వారి సామంతులే. రాజధాని వంటలు సామంతుల ఇళ్లకు చేరకపోవడమే వింత. అయినా ఓరుగల్లు వీధుల్ని చూపే ‘క్రీడాభిరామం’లో రూకకు భోజనం పెట్టే పూటకూళ్ల ఇంటి వడ్డనలో గోధుమపిండి వంటకం ఉంది, పంచదార ఉంది, అప్పుడే కాచిన ఆవు నెయ్యి ఉంది, గడ్డ పెరుగు ఉంది. విరిచిన పాలు మాత్రం లేవు.

ఎందుకు లేవు? పాలు విరవడం పాపమని, అశుభమని మన వాళ్లు నమ్మారు కాబట్టి అన్నది అందరికీ తెలిసిన జవాబు. కె.టి. అచ్చయ్య లాంటి పెద్ద పండితుడే ఆ నిషేధం మాట చెప్పి, బెంగాల్లో పోర్చుగీసు వారి వల్ల అది సడలిందని రాశారు. నమ్మకం ఉన్న మాట నిజం. గృహప్రవేశంలో పాలు పొంగించే ఆచారం పుప్పాలగూడ అపార్టుమెంట్లలో ఇరవయ్యో అంతస్తులోనూ నడుస్తోంది. ఆ పూట పాలు విరిగితే ఇంటిల్లిపాదికీ ముఖం మాడుతుంది. కానీ మర్నాడు మామూలుగా విరిగిన పాలను ఎవరు పారబోస్తారు? చక్కెరో బెల్లమో వేసి దగ్గరకొచ్చేదాకా కలియబెట్టి పిల్లలకు పెడతారు. యజ్ఞయాగాలను నెత్తిన పెట్టుకున్న సోమేశ్వరుడి వంటశాలకు అడ్డురాని శాస్త్రం రైతు వంటింటికి ఎలా అడ్డొచ్చింది?

అసలు కారణం లెక్కలో ఉంది. గేదె పాలలో వెన్న ఏడు శాతం దాకా ఉంటుంది. పద్నాలుగు, పదిహేను లీటర్ల పాలు తోడు పెట్టి చిలికితే కిలో నెయ్యి దిగుతుంది. ఆ నెయ్యి నెలల తరబడి చెడదు, సంతలో డబ్బవుతుంది. కవ్వం కింద మిగిలిన చల్లలో పాల మాంసకృత్తులన్నీ అలాగే ఉంటాయి. ఇంటిల్లిపాదీ అన్నంలో పోసుకుంటారు, మిగిలితే పొరుగింటికి పోస్తారు. అంటే వెన్న అమ్మకానికి, మాంసకృత్తులు ఇంటికి. అవే పాలు విరిస్తే ఐదారు లీటర్లకు కిలో పనీరు వస్తుంది గానీ, వెన్నా మాంసకృత్తులూ ఒకే ముద్దలో ఇరుక్కుంటాయి. ఎండాకాలం హైదరాబాద్ వేడికి ఆ ముద్ద సాయంత్రానికే పులిసిపోతుంది. రోజూ చేసి రోజూ అమ్మాలంటే దగ్గర్లో మిఠాయి బజారు ఉండాలి. కలకత్తాకు అది ఉంది కాబట్టే అక్కడ ఛెనా అనే విరిచిన పాల ముద్ద నిలిచింది. ఒకటో రెండో గేదెలున్న తెలంగాణ రైతుకు పాలు విరవడం చేతిలో డబ్బు వదులుకోవడం. ఇంత సుఖమైన లెక్క ఉండగా శకునం అవసరం ఏముంది? శకునం ఆ లెక్కకు తర్వాత తొడిగిన చొక్కా అని నా అనుమానం.

ఈ లెక్కకు లోబడని పాలు ఒక్కటే: ఈనిన రెండు మూడు రోజులు గేదె ఇచ్చే ముర్రుపాలు. వాటికి నెయ్యి బేరం లేదు, కాచబోతే గడ్డకడతాయి. అందుకే అక్కడ మన వాళ్లు నిరభ్యంతరంగా పాలను గడ్డకట్టించారు. బెల్లం, మిరియాలు, యాలకులు వేసి ఆవిరి మీద ఉడికించి జున్ను చేశారు. రికోటాకు అన్నిటికంటే దగ్గరి చుట్టం పనీరు కాదు, ఈ జున్నే. ఇటలీ వాళ్లు చీజ్ తీశాక మిగిలిన తేట నీళ్లను మళ్లీ కాచి, అందులో కరిగి ఉన్న మాంసకృత్తుల్ని వేడితో గడ్డకట్టిస్తారు, అదే రికోటా. ముర్రుపాలలో ఆ తేట మాంసకృత్తులే మెండు కాబట్టి పులుపు లేకుండా వేడికే జున్నవుతుంది.

ఇక పొంగు సంగతి. పాన్‌కేక్‌లో గుడ్డు సొన విడదీసి, తెల్లసొనను నురగ నిలబడేదాకా గిలక్కొట్టి, పనీరు పలుకులు నలగకుండా పిండిలో గరిటెతో పైకీ కిందికీ మెల్లగా కలుపుతారు. సన్న మంట మీద కాలుస్తారు. బేకింగ్ పౌడర్ తోడుంటుంది, అది 1843లో ఇంగ్లండులో ఆల్ఫ్రెడ్ బర్డ్ చేసింది. మన వంటింట్లో ఆ పని మినప్పప్పు చేసింది. రుబ్బురోట్లో గాలి చొరబడేలా రుబ్బిన పిండిలోంచి చిటికెడు తీసి నీళ్లలో వేస్తే తేలాలి. అదే పిండి రవ్వతో కలిసి మూత కింద సన్న సెగన దిబ్బరొట్టె అవుతుంది. తెలంగాణ పల్లెల్లో జొన్నరొట్టె, సర్వపిండి ముందు, దిబ్బరొట్టె కోస్తా వంట కదా అనే వారున్నారు. ఒప్పుకుంటాను. కానీ చావుండరాయని ‘లోకోపకారం’ 1025లోనే మినప్పప్పును మజ్జిగలో నానబెట్టి రుబ్బి, పెరుగు మీది తేట కలపమంది. అది కల్యాణి చాళుక్యుల రాజ్యంలో పుట్టిన పుస్తకం. పాల పులుపూ పిండీ కలిసిన చోటు మనకు కొత్త కాదు.

లెక్క మారింది 1970 తర్వాత. ఆపరేషన్ ఫ్లడ్ ఆ ఏడు మొదలైంది. 1974లో ఆంధ్రప్రదేశ్ పాడి పరిశ్రమాభివృద్ధి సంస్థ ఏర్పడి, విజయ పాలు పాకెట్లలో ఇంటింటికీ చేరాయి. 1950-51లో దేశమంతా 1.7 కోట్ల టన్నులున్న పాల దిగుబడి 2022-23కి 23 కోట్ల టన్నులు దాటింది. పల్లెలో చల్లారబెట్టే కేంద్రం, ఇంట్లో ఫ్రిజ్ వచ్చాక విరిచిన ముద్ద సాయంత్రానికి పులవడం మానేసింది. పనీరును పంజాబీ హోటళ్లు అలవాటు చేశాయన్నది సగం నిజం. చెడకుండా నిలబెట్టింది శీతలీకరణ. గుడ్డు మాటకొస్తే, 1982లో జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ (నెక్) పుట్టాక కోడిగుడ్డు ఇక్కడ కొరత సరుకు కాదు. పాన్‌కేక్ వచ్చేసరికి పెనం వేడెక్కి ఉంది.

కాబట్టి దాన్ని విదేశీ వంట అనొచ్చు, ఈ నేలకు పరాయిది మాత్రం అనలేం. నమ్మకం కుదరకపోతే లీటరు గేదె పాలు కాచి నిమ్మరసంతో విరిచి, బరువు పెట్టకుండా గుడ్డలో వేలాడదీసి, మైదా బదులు రెండు గుప్పెళ్ల బియ్యప్పిండి కలిపి వండి చూడండి. తిన్నాక ఆ పలహారానికి సోమేశ్వరుడి పేరు పెట్టాలో సిడ్నీ పేరు పెట్టాలో మీరే తేల్చండి.