పెళ్లి క్యాసెట్టు.. ఏ ఫార్మాట్టు?

బుక్కపట్నం: ఇరవై ఏళ్ల కిందట మన ప్రాంతంలో వివాహం జరిగితే ఫొటో ఆల్బంతో పాటు వీడియో క్యాసెట్టు కూడా ఉండాల్సిందే. బుక్కపట్నం, కొత్తచెరువు, ధర్మవరం పరిసరాల్లో ఆ క్యాసెట్లు నేటికీ బీరువాల్లో పట్టుచీరల పక్కన భద్రంగా ఉన్న ఇళ్లు ఉన్నాయి. అయితే వాటిని చూపించే యంత్రాలే కరవయ్యాయి. వీసీఆర్‌లు తయారుచేస్తూ చివరిదాకా మిగిలిన జపాన్ సంస్థ ఫునాయ్ 2016 జులైలో ఉత్పత్తిని నిలిపివేసింది. టేపుతో పనిచేసే హ్యాండీక్యామ్‌లు అంతకుముందే దుకాణాల నుంచి కనుమరుగవుతూ వచ్చాయి. కాలం చేసిన తాతయ్య మాట మళ్లీ వినాలన్నా, తలంబ్రాల సందడి పిల్లలకు చూపాలన్నా ముందుగా తేల్చుకోవాల్సింది ఒక్కటే. చేతిలో ఉన్నది ఏ ఫార్మాట్?

పరిమాణమే తొలి ఆనవాలు

పుస్తకమంత పెద్ద క్యాసెట్టు వీహెచ్ఎస్. అది అనలాగ్ పద్ధతి. దానికన్నా చిన్నదై, సుమారు తొమ్మిదిన్నర సెంటీమీటర్ల పొడవుంటే 8 మిల్లీమీటర్ల టేపు. చిక్కంతా ఇక్కడే ఉంది. వీడియో8, హై8 రెండూ అనలాగ్ కాగా, 1999లో సోనీ ప్రవేశపెట్టిన డిజిటల్8 డిజిటల్ పద్ధతి. మూడూ ఒకే రకం క్యాసెట్టులో ఇమిడేవి. డిజిటల్8 కెమెరాలు హై8 టేపుపైనే రికార్డు చేసేవి కనుక, పైన 'హై8' అని రాసి ఉన్నంత మాత్రాన లోపల ఉన్నది హై8 కానక్కరలేదు. హై8 కెమెరా డిజిటల్8 రికార్డింగును చూపలేదు. కొన్ని డిజిటల్8 కెమెరాలు మాత్రం రెండింటినీ చూపగలవు. అందుచేత పేరును నమ్మేకంటే, అప్పట్లో ఏ కెమెరాతో తీశారో ఇంట్లో పెద్దలను అడగడం మేలు.

అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దదిగా ఉంటే అది మినీ డీవీ. 1995లో వచ్చిన డీవీ పద్ధతికి చెందిన ఈ చిన్న క్యాసెట్టు 2000 తర్వాత పెళ్లి వీడియోల రంగాన్ని ఏలింది. సోనీ పీడీ-170, పానసోనిక్ ఎండీ-10000 కెమెరాలు ఆ తరం వీడియోగ్రాఫర్లకు చిరపరిచితాలు. సెకనుకు 25 మెగాబిట్ల చొప్పున దృశ్యం నమోదవుతుంది. గంట నిడివికి సుమారు 13 జీబీ అవుతుంది. ప్రతి ఫ్రేమునూ విడివిడిగా కుదించడం దీని గొప్పతనం. టేపు ఒకచోట గీరుకుపోయినా ఆ క్షణంలో నాలుగు చదరపు మచ్చలు పడి పోతాయి తప్ప ముందువెనుకల దృశ్యం చెడదు. లోపం రంగులో ఉంది. మన దేశంలో వాడిన పాల్ విధానంలో డీవీ రంగు వివరాలను వెలుతురు వివరాల్లో నాలుగో వంతే నమోదు చేస్తుంది. ధర్మవరం పట్టుచీర ఎర్రటి అంచు తెరపై మెట్లుమెట్లుగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. అందుకు వీడియోగ్రాఫరును నిందించి ప్రయోజనం లేదు.

అదే చిన్న క్యాసెట్టులో మరో మూడు రకాలు దాగి ఉండవచ్చు. గంట టేపుపై ఎల్పీ వేగంలో 90 నిమిషాలు పట్టేవి. ఇలా పొదుపు చేసిన టేపు వేరే కెమెరాలో తరచూ మొరాయిస్తుంది. వృత్తిపరమైన డీవీక్యామ్‌లో అదే టేపు 40 నిమిషాలకే అయిపోయేది. 2003లో రూపొందిన హెచ్‌డీవీ అదే టేపుపై 1080 గీతల దృశ్యాన్ని ఎక్కించింది. అయితే ఇది ఫ్రేములను గుంపులుగా కుదిస్తుంది. ఒక్క గీత పడితే దాదాపు అర సెకను దృశ్యం పోవచ్చు. మూడుముళ్ల వేళ అర సెకనంటే తక్కువేమీ కాదు. డీవీ మాత్రమే తెలిసిన కెమెరాలో హెచ్‌డీవీ టేపు వేస్తే బొమ్మ రాదు. ఖాళీ క్యాసెట్టని పారవేసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

డిస్కు, కార్డు

ఎనిమిది సెంటీమీటర్ల డీవీడీపై నేరుగా రికార్డు చేసిన హ్యాండీక్యామ్‌లు సౌకర్యం పేరిట వచ్చి ఎక్కువ నిరాశనే మిగిల్చాయి. డిస్కు సామర్థ్యం 1.4 జీబీ. మేలైన నాణ్యతలో 20 నిమిషాలకే నిండిపోయేది. చివర 'ఫైనలైజ్' చేయకపోతే సాధారణ ప్లేయర్లలో ఆడదు. ఇంట్లో ఆ కెమెరా ఇంకా పనిచేస్తుంటే ముందు ఆ పని పూర్తిచేయాలి. 2006లో సోనీ, పానసోనిక్ కలిసి ప్రకటించిన ఏవీసీహెచ్‌డీతో మెమరీ కార్డుల కాలం ఊపందుకుంది. దీనిలో ఎంటీఎస్ ఫైళ్లను మాత్రమే ఏరుకోకుండా కార్డులోని ఫోల్డరును యథాతథంగా కాపీ చేయాలి. పొడవైన దృశ్యాలు ముక్కలుగా నిల్వ ఉంటాయి కనుక, విడదీస్తే అతుకుల వద్ద తేడా వస్తుంది.

కాపీ ఎలా?

మినీ డీవీ, డిజిటల్8 టేపులను పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో కాపీ చేయించడం నష్టదాయకం. ఆ దారిలో డిజిటల్ దృశ్యం అనలాగ్‌గా మారి మళ్లీ డిజిటల్ అవుతుంది. ఫైర్‌వైర్ తీగ ద్వారానైతే టేపుపై ఉన్నది ఉన్నట్లుగా కంప్యూటరులోకి చేరుతుంది. కొత్త కంప్యూటర్లలో ఆ పోర్టు సాధారణంగా ఉండదు కాబట్టి పాత యంత్రం ఉన్న స్టూడియోను వెతుక్కోక తప్పదు. గంట టేపుకు గంట సమయమూ పడుతుంది. పెళ్లినాటి డీవీడీ చేతిలో ఉంది కదా అని ఊరుకోవడమూ సరికాదు. రెండు గంటల డీవీ దృశ్యం 26 జీబీ కాగా, సాధారణ డీవీడీలో పట్టేది 4.7 జీబీ. అంటే మిక్సింగ్ అనంతరం మన చేతికొచ్చింది కుదించిన ప్రతి. మాస్టర్ క్యాసెట్టు స్టూడియోలో మిగిలి ఉందేమో ఒకసారి విచారించాలి.

టేపుపై తెల్లటి బూజు కనిపిస్తే ప్లేయరులో పెట్టరాదు. టేపుతో పాటు ప్లేయరు హెడ్డు కూడా పాడవుతుంది. బాగున్న మినీ డీవీ క్యాసెట్టును కెమెరాలో వేసే ముందు దాని వెనుక అంచున ఉన్న చిన్న మీటను 'సేవ్' వైపు జరపాలి. అప్పుడు పొరపాటున రికార్డు బటన్ నొక్కినా పాత దృశ్యం చెరిగిపోదు.