తిరుడన్ పోలీస్: నాన్న పోస్టులోకి వచ్చిన కొడుకు



మద్రాసు తెలుగువాళ్ళ సినిమా చరిత్ర అనగానే మనం విజయా వాహిని, నాగిరెడ్డి గారు, ఎల్.వి. ప్రసాద్ గారు, ఘంటసాల గారు అని చెప్పుకుని అక్కడే ఆగిపోతాం. తెలుగు సినిమా హైదరాబాదుకు తరలిపోయాక ఇక్కడే ఉండిపోయిన ఇళ్ళ సంగతేమిటి? ఆ ఇళ్ళ పిల్లలు ఏమయ్యారు? ఈసారి ఒక చిన్న తమిళ సినిమాను ఆధారం చేసుకుని ఆ కథ కొంత చెబుతాను.

2014 నవంబర్ 14న విడుదలైంది 'తిరుడన్ పోలీస్'. మనం చిన్నప్పుడు ఆడుకున్న దొంగ-పోలీసు ఆట పేరే అది. కార్తీక్ రాజుకు దర్శకుడిగా మొదటి సినిమా. హీరో 'అట్టకత్తి' దినేష్, హీరోయిన్ ఐశ్వర్యా రాజేష్, సంగీతం యువన్ శంకర్ రాజా. కథ చిన్నదే. నాన్న నిజాయితీపరుడైన కానిస్టేబుల్. కొడుకు విశ్వ ఆకతాయి. ఇద్దరికీ ఒక్క క్షణం పడదు. డ్యూటీలో నాన్న చనిపోతాడు. ఆ పోస్టు కొడుక్కి వస్తుంది. ఇష్టం లేకుండానే ఖాకీ తొడుక్కుంటాడు. నాన్న ఎలాంటి మనిషో, ఆ చావు వెనక ఎంత కుట్ర ఉందో యూనిఫాం వేసుకున్నాకే అర్థమవుతుంది. ప్రేమ, హాస్యం, వెక్కిరింత నిండా ఉన్నా సినిమాకు గుండెకాయ మాత్రం తండ్రీకొడుకుల కథే.

ఈ 'నాన్న పోస్టు' సినిమావాళ్ళ కల్పన కాదు. ఉద్యోగంలో ఉండగా చనిపోయినవారి కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇచ్చే పద్ధతి తమిళనాడులో 1970ల మొదటి నుంచి ఉంది. దాన్ని ఇక్కడ 'కరుణై అడిప్పడై' అంటారు, మన తెలుగులో కారుణ్య నియామకం. 1994లో ఉమేశ్ కుమార్ నాగ్‌పాల్ కేసులో సుప్రీంకోర్టు ఒక మాట స్పష్టం చేసింది. ఇది వారసత్వపు హక్కు కాదు, సంపాదించే మనిషి పోయి కష్టంలో పడ్డ ఇంటిని ఆ గండం గట్టెక్కించడానికే అని. అంటే ఆ ఆర్డరు కాగితం ఇంటికి వచ్చిన రోజు పండుగ రోజు కాదు. దండ వేసిన ఫొటో కింద కూర్చుని చదువుకునే కాగితం అది. విశ్వ మొదట్లో ఇష్టం లేకుండా యూనిఫాం వేసుకోవడం, తర్వాత నాన్నను అర్థం చేసుకోవడం ఆ ఇళ్ళవాళ్ళకు చెప్పకుండానే అర్థమవుతుంది.

వారసత్వపు ఉద్యోగం మనకు ఇంకో రకంగానూ తెలుసు. తమిళనాడు పల్లెల్లో కరణీకం చేసిన తెలుగు ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. తాత రాసిన లెక్కల పుస్తకమే తండ్రి చేతికి, అక్కడి నుంచి కొడుకు చేతికి వచ్చేది. 1980లో ఎంజీఆర్ ప్రభుత్వం ఇక్కడ ఆ గ్రామాధికారుల పద్ధతిని రద్దు చేసింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆంధ్రలో అదే పని చేసింది. ఇద్దరూ మద్రాసు స్టూడియోల్లో ఎదిగిన నటులే కావడం ఒక వింత. దాంతో మన ఇళ్ళలో ఒక తరం మొత్తం నాన్న చేసిన పని చేయలేక, కొత్త పని వెతుక్కుంది.

ఇప్పుడు ఈ సినిమా తీసినవాళ్ళ దగ్గరికి వద్దాం. నిర్మాతల్లో ఒకరు ఎస్.పి. చరణ్, మన బాలు గారి అబ్బాయి. బాలు గారి తండ్రి సాంబమూర్తి గారు నెల్లూరు ప్రాంతపు హరికథా విద్వాంసులు. కొడుకు ఇంజనీరు కావాలని ఆయన కోరిక. ఆ చదువు కోసమే మద్రాసు వచ్చిన బాలు గారు, 1966 డిసెంబరులో 'శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న' సినిమాకు కోదండపాణి గారి సంగీతంలో మొదటి పాట పాడారు. ఆ తర్వాత కథ లోకానికి తెలిసిందే. చరణ్ కూడా పాడతారు. కానీ ఆ గొంతు పక్కన నిలబడి పాడటం ఎంత బరువో ఊహించుకోవచ్చు. ఆయన వేరే దారి కూడా వేసుకున్నారు. 2007లో 'చెన్నై 600028', 2011లో 'ఆరణ్య కాండం', 2014లో 'తిరుడన్ పోలీస్'. మూడింటికీ దర్శకులు కొత్తవాళ్ళే: వెంకట్ ప్రభు, త్యాగరాజన్ కుమారరాజా, కార్తీక్ రాజు. 'ఆరణ్య కాండం' దర్శకుడికి తొలి చిత్రానికే జాతీయ పురస్కారం వచ్చింది.

మూడింటికీ సంగీతం యువన్‌దే. యువన్ నాన్న ఇళయరాజా గారు, సినిమాల్లోకి రాకముందు తమ్ముడు గంగై అమరన్‌తో కలిసి బాలు గారి కచేరీ బృందంలో వాయించేవారు. ఆ గంగై అమరన్ కొడుకే వెంకట్ ప్రభు. నాన్నల స్నేహం కొడుకుల సినిమాల్లోకి అలా నడిచి వచ్చింది.

హీరోయిన్ సంగతి చాలామందికి తెలియదు. ఐశ్వర్య చెన్నైలో పుట్టి పెరిగిన తెలుగమ్మాయి. తాత అమర్‌నాథ్, నాన్న రాజేష్ ఇద్దరూ తెలుగు నటులు. 'ఆనంద భైరవి', 'రెండు జెళ్ళ సీత' చూసినవాళ్ళకు రాజేష్ గుర్తుంటారు. హాస్యనటి శ్రీలక్ష్మి గారు మేనత్త. ఐశ్వర్య చిన్నపిల్లగా ఉండగానే నాన్న పోయారు. కారుణ్య నియామకం సర్కారులో ఉంటుంది గానీ సినిమాలో ఉండదు. తల్లి రెక్కల కష్టం మీద పెరిగి, చిన్న వేషాల నుంచి మొదలుపెట్టి పైకొచ్చింది. 'తిరుడన్ పోలీస్'లో హీరో నాన్నగా వేసిన తమిళ నటుడి పేరు కూడా రాజేషే! తన తండ్రి పేరున్న మనిషి తండ్రిగా చనిపోయే కథలో ఆ అమ్మాయి నటించింది.

వీళ్ళు తెలుగుకు దూరం కాలేదు. ఐశ్వర్య 2019లో 'కౌసల్యా కృష్ణమూర్తి'తో తెలుగు తెరకు హీరోయిన్‌గా వచ్చింది. 2025 సంక్రాంతికి 'సంక్రాంతికి వస్తున్నాం'లో మాజీ పోలీసు భార్య భాగ్యంగా ఆంధ్ర అంతటా నవ్వులు పూయించింది. కార్తీక్ రాజు కూడా 2019లో 'నిను వీడని నీడను నేనే' అనే తెలుగు సినిమా తీశారు.

2020 సెప్టెంబరు 26న తామరైపాక్కంలో బాలు గారికి తమిళనాడు పోలీసులు తుపాకులు పేల్చి గౌరవ వందనం చేశారు. పోలీసు కథను సినిమాగా తీసిన కొడుకు ఆ రోజు అక్కడ కర్మ చేస్తూ నిలబడ్డారు. తర్వాత నుంగంబాక్కంలో బాలు గారి ఇల్లున్న వీధికి ప్రభుత్వం ఆయన పేరే పెట్టింది. నెల్లూరు హరికథకుడి కొడుక్కి ఈ నేల ఇచ్చిన మర్యాద అది.

మన పిల్లలు నాన్న పని చేయకపోవచ్చు, చేయనక్కర్లేదు కూడా. కానీ నాన్న ఏం పని చేశాడో, ఎంత కష్టపడి చేశాడో వాళ్ళకు తెలిసి ఉండాలి. విశ్వకు అది తెలిసేసరికి నాన్న లేడు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారు. ఏ స్టూడియోలో లైట్లు పట్టారో, ఏ స్టేషన్లో డ్యూటీ చేశారో, ఏ ఊళ్ళో లెక్కలు రాశారో ఈ ఆదివారం కూర్చోబెట్టి అడగండి. తెలుగులోనే అడగండి. విన్నది ఇక్కడ కింద నాలుగు ముక్కలు రాయండి. మన సంఘం చరిత్ర అలాగే పోగవుతుంది.